సంతకం పెట్టని జాయింటు

మా గోదావరిఖనిలో ఒక మనిషి ఇక పనికిరాడని డాక్టర్లు తేల్చి చెబితే ఆ ఇంట్లో స్వీట్లు పంచుతారు. బయటి ఊళ్ళవాళ్ళకు ఈ మాట చెబితే నమ్మరు, కొందరు వెటకారమనుకుని మొహం చిట్లిస్తారు. కానీ నిజమే. బొగ్గు బావిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు ‘అన్‌ఫిట్’ చేస్తే అతని కొడుక్కో, ఈ మధ్య అయితే ఆడబిడ్డకో, కంపెనీలో ఉద్యోగం వస్తుంది. నడుం పోయిన తండ్రి ఇంటికొస్తాడు, నడుం గట్టిగా ఉన్న కొడుకు బాయి దిగుతాడు. కాబట్టి మా దగ్గర అన్‌ఫిట్ అంటే తిట్టు కాదు, శుభవార్త. కాలనీలో ఎవరి గుమ్మం ముందైనా నలుగురు చేరి నవ్వుతున్నారంటే పెళ్లి సంబంధమన్నా కుదిరి ఉండాలి, అన్‌ఫిట్ అన్నా అయి ఉండాలి.

మా నాన్న అన్‌ఫిట్ అయిన రోజు నాకు బాగా గుర్తుంది. పాతికేళ్ళు వంగి బొగ్గు నింపిన మనిషి. బోర్డు ముందు నిలబడి వచ్చి, బస్సు దిగి, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పెళ్లికొడుకులా నడుచుకుంటూ వచ్చాడు. అమ్మ ఏడ్చింది, సంతోషంతో. పక్క క్వార్టర్లవాళ్ళు ఇద్దరు కొడుకుల్లో ఎవరికి పెట్టిస్తున్నావని అడిగితే నాన్న నావైపు చూశాడు. పెద్దవాణ్ణి, న్యాయంగా నాకే రావాలి. నేను అప్పటికే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరి హైదరాబాద్ రోడ్డు పక్కన టెలిఫోన్ కేబుళ్ళు అతుకుతున్నాను. వెంట్రుకంత గాజు పోగులో వెలుతురు పరుగెత్తుతుందని తెలిశాక నాకు బొగ్గు మీద మనసు పోలేదు. తమ్ముడికి ఇవ్వండి అన్నాను. నాన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. చుట్టాలు మాత్రం తమ్ముడి కోసం అన్న ఉద్యోగం వదులుకున్నాడని పొగిడారు. ఆ పొగడ్త తప్పని నాకు తెలుసు, కానీ నేను దిద్దలేదు.

రోడ్డు పక్క గుడారాల నుంచి మెల్లగా ఓడ దాకా వెళ్ళాను. ఇప్పటికి పద్దెనిమిదేళ్ళుగా సముద్రం అడుగున తెగిన కేబుళ్ళను బాగుచేసే ఓడలో జాయింటర్‌ని. దేశం నుంచి దేశానికి బొటనవేలంత లావు కేబుళ్ళు సముద్రం కింద పడుకుని ఉంటాయి. ఎక్కడో ఒక ఓడ లంగరు ఈడ్చుకుపోయి ఒకటి తెగుతుంది. మేం వెళ్లి కొక్కేలు జారవిడిచి, తెగిన కొసల్ని పైకి లాగి, మధ్యలో కొత్త ముక్క వేసి రెండు వైపులా అతుకుతాం. ఒక్క జాయింటుకు దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది. పోగు మీది తొక్క ఒలిచి, తుడిచి, నున్నగా తెంపి యంత్రంలో ఎదురెదురుగా పెడితే ఒక రవ్వ మెరిసి రెండు కొసలూ ఒకటవుతాయి. యంత్రం చేసేది అంతే. మిగతాదంతా వేళ్ళ పని. అతికిన పోగుల్ని ఒక్కొక్కటే చిన్న డబ్బాలో సున్నాలు చుడుతూ సర్దాలి. అప్పుడు వేలు అదిరిందంటే పోగు చిట్లుతుంది, చిట్లితే మళ్ళీ మొదటికి రావాలి.

అన్నీ అయ్యాక పైన ప్లాస్టిక్ పోత పోసి, ఎక్స్‌రే తీసి, సముద్రంలోకి వదిలేస్తాం. పాతికేళ్ళు అది అక్కడే ఉంటుంది. దాన్ని మళ్ళీ ఎవరూ చూడరు. అందుకే ప్రతి జాయింటుకూ ఒక కాగితం ఉంటుంది. దాని చివర, ఇది సముద్రంలో వేయడానికి తగినదని ఒక వాక్యం, ఆ కింద అతికినవాడి సంతకం. కొలతలు యంత్రం చెబుతుంది, లోపం ఎక్స్‌రే చెబుతుంది, అయినా సంతకం పడకపోతే ఆ జాయింటు ఓడ దాటదు. మా చీఫ్ కూడా నా బదులు పెట్టలేడు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చేది ఆ ఒక్క గీత.

ఓడలో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పోగు సరిగా తెగనప్పుడు తెలుగులో తిట్టుకుంటాను. నా జతగాడు వేరే దేశంవాడు, మంచివాడు, ఆ తిట్లన్నీ అర్థం తెలియకుండానే నేర్చుకుని అవసరానికి వాడుతుంటాడు. నా భాష ఆ ఓడలో అంతవరకే బతికింది. ఊరికి వస్తే నాకు ఇంకా ఒంటరిగా ఉంటుంది. ఫోన్లలో మాటలన్నీ ఆకాశంలో పోతాయి కదా, సముద్రంలో తీగలెందుకు అని మంగలి షాపులో అడుగుతారు. చేపలు కొరకవా అంటారు. మొదట్లో ఓపికగా చెప్పేవాణ్ణి, కాగితం మీద బొమ్మ గీసేవాణ్ణి. ఇప్పుడు ఓడలో కరెంటు పని అని చెప్పి ఊరుకుంటున్నాను. అందరూ తృప్తిపడతారు. నాకు మాత్రం ఏదో దాచిపెట్టి తిరుగుతున్నట్టుంటుంది.

పోయిన వానాకాలం మరమ్మతులో నా చెయ్యి నన్ను మోసం చేసింది. రెండు జాయింట్లలో ఆఖరిది. కేబుల్ రెండు కొసలూ ఓడ ముందు భాగం మీద నుంచి లోపలికి వచ్చి ఉన్నాయి, కాబట్టి పని అయ్యేదాకా ఓడ అక్కడి నుంచి కదలడానికి లేదు. గాలి ముదురుతోంది. డబ్బాలో ఆఖరి పోగుల్ని సర్దుతుంటే నా కుడి బొటనవేలు నన్నడగకుండా అదిరింది. పోగు చిట్లింది. ఒక బూతు తిట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ దాదాపు అక్కడికే వచ్చాక మళ్ళీ అదిరింది. చీఫ్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళి పడుకో అన్నాడు. జతగాడు పూర్తిచేశాడు. నేను మొదలుపెట్టిన జాయింటు కింద వేరేవాడి సంతకం పడడం అదే మొదటిసారి. కేబుల్ నీళ్ళలోకి జారేటప్పుడు డెక్కు మీద అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఒడ్డుకు చేరేసరికి ఓడ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రెండు నెలల తర్వాత కేబుల్ డిపోలో పరీక్ష జాయింటు చేసి చూపించాలి, నెగ్గితే ఓడ ఎక్కాలి, లేకపోతే లేదు. ఆ రెండు నెలలు గడపడానికి నేను ఇంటికి వచ్చాను.

నా భార్య సర్కారు దవాఖానలో నర్సు. రోజూ మనుషుల చేతులు పట్టుకుని సూదులు గుచ్చే మనిషికి నేనేం దాచగలను? మూడో రోజు నుంచి నా గ్లాసులో చాయ్ సగమే పోయడం మొదలుపెట్టింది. ఒలకకుండా. ఎందుకని నేను అడగలేదు, ఏమైందని తను అడగలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఆ సగం గ్లాసును తప్పించుకుంటూ వారం రోజులు తిరిగాం. నాకు తన మీద కోపం కూడా వచ్చింది, జాలి పడుతోందేమోనని. చివరికి తనే అంది.

“కరీంనగర్‌ల నరాల డాక్టర్ ఉన్నడు. రేపు నాకు డ్యూటీ లేదు. పోదమా?”

డాక్టరు నా చేత గీతలు గీయించాడు, నీళ్ళ గ్లాసు పట్టించాడు. మా నాన్నకు చేతులు వణికేవా అని అడిగాడు. వణికేవి. ఆయన బాయి పని చేసి చేసి వణుకుతున్నాయని మేమంతా అనుకునేవాళ్ళం. ఇది రోగం కాదు, ఇంటిపేరులా వంశంలో వస్తుంది, ప్రాణానికేం భయం లేదు, మామూలు జీవితానికి ఏ ఇబ్బందీ ఉండదు అన్నాడు డాక్టరు. పాపం, ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మామూలు జీవితం కావాలని ఆయన్నెవరడిగారు? మాత్రలు రాశాడు. వేసుకుంటే వణుకు సగానికి తగ్గేది, దానితోపాటు నేనూ సగం నిద్రపోయేవాణ్ణి.

ఆ వారంలోనే తమ్ముడు వచ్చాడు. వాడు బాయిలో పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని చేస్తాడు. ఫస్టు షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచుల్లో బొగ్గు నలుపు పోదు, కాటుక పెట్టుకున్నట్టు ఉంటాడు. నా భార్య వాడికి చెయ్యి సంగతి, పరీక్ష సంగతి చెప్పింది. వాడి మొహం వెలిగింది.

“అయితే నిన్ను అన్‌ఫిట్ చేస్తరా అన్నా?”

చేయవచ్చన్నాను.

“మరి మంచిదే గదనే. హైదరాబాద్ల నీ బిడ్డ డిగ్రీ గూడ అయిపాయె. ఓడల ఆడపిల్లలకు గూడ ఇస్తరా నౌకరి?”

మా ఓడలో అలాంటిదేమీ లేదని చెప్పాను. అయితే యూనియన్‌ వాళ్ళను పట్టుకో అన్నాడు. యూనియన్ లేదన్నాను. యూనియన్ లేని పని ఏం పని అన్నట్టు చూశాడు. వాడిలో చెడు లేదు. ఈ బొగ్గు బెల్టులో పుట్టిన ఎవరైనా ఆ మాటే అంటారు, ఆ లెక్కే వేస్తారు. కానీ ఇన్నాళ్ళుగా లోపల కుక్కుకున్నదంతా నాకు ఆ పూట వాడి మీదే పొంగింది.

“నాకు అన్‌ఫిట్ వద్దురా. నా పని నాక్కావాలె.”

“చేతులు వణుకంగ గూడ పనే కావాల్నంటవేందన్నా? ఇన్నేండ్లు జేసినవ్, సాలదా?”

“నీకు తెల్వదురా. నీది బొగ్గు పని.”

అన్నాక నాకే వినబడింది ఆ మాట. వాడు తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఇంకా ముప్పాతిక ఉంది. చెప్పులు వేసుకుని, వదినకు వస్తానని చెప్పి, నాకు చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఎనిమిదో ఇంక్లైన్ బాయికి పోయే రోడ్డు మలుపు దాకా వాడి బండి చప్పుడు వింటూ గుమ్మంలో నిలబడ్డాను. పిలవలేదు. నా భార్య ఆ సాయంత్రం కంచంలో అన్నం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నెల గడిచినా తమ్ముడు మళ్ళీ రాలేదు. రెండు సందులు దాటితే వాడిల్లు. నేనూ వెళ్ళలేదు, ఆ పాటి పౌరుషం ఒకటి ఏడ్చింది నాకు.

ఆదివారం చర్చికి వెళ్ళాం. మా చర్చిలో పాస్టరు వాక్యం చెప్పడం అయ్యాక ఎవరికి ఏ ప్రార్థన కావాలో లేచి చెబుతారు. ఒక కాక లేచి, వచ్చే బోర్డులో తనను అన్‌ఫిట్ చేసేలా దేవుడు డాక్టర్ల మనసు కదిలించాలని అడిగాడు. ఆయన వెనకాలే ఇంకొకాయన భార్య లేచి, తన భర్తకూ అదే అడిగింది. సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను, ఆ ఇద్దరూ నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళే. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, నన్ను ఫిట్ చెయ్యి తండ్రీ అని లోపల అడుక్కున్నాను. లేచి నిలబడి అడిగే ధైర్యం లేదు. ఆ హాలులో ఆ ప్రార్థన చేసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. వందమంది మధ్య, చిన్నప్పటి నుంచి ఎరిగిన మొహాల మధ్య, అంత ఒంటరిగా నేను సముద్రం మీద కూడా లేను.

మిగిలిన రోజులు వెనక గదిలో సాధన చేశాను. ఓడ నుంచి తెచ్చుకున్న పాత కేబుల్ ముక్కలోని పోగుల్ని ఒలవడం, స్టీలు డబ్బా మూతలో సున్నాలు చుట్టడం. మాత్ర వేసుకున్న రోజు పది చుట్టితే తొమ్మిది నిలిచేవి. వేసుకోని రోజు చెప్పుకోదగ్గట్టు ఉండేది కాదు. చిట్లిన గాజు పోగులు కంటికి కనబడవు, కాలికి గుచ్చుకుంటే తెలుస్తుంది. అందుకని పడ్డ ప్రతి ముక్కనూ టేపుతో అద్ది తీసేవాణ్ణి. ఒకసారి నా భార్య వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, టేపు తను తీసుకుని నేల అద్దడం మొదలుపెట్టింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని కనబడనివి వెతికాం. ఆ రెండు నెలల్లో నాకు కొంచెం ఊపిరాడింది ఆ అరగంటే.

డిపో ఓడరేవు పక్కన పాత గోదాములో ఉంది. పరీక్ష పెట్టేది యాభై దాటిన ఒకామె, తనూ ఒకప్పుడు జాయింటరే. తక్కువ మాట్లాడుతుంది. నాకు అది నచ్చింది. పొద్దున్నే మాత్ర వేసుకుని కూర్చున్నాను. చల్లటి గది, కదలని నేల, బల్ల మీద మంచి దీపం. రెండు రోజుల పని. ఒక్క పోగూ చిట్లలేదు. నాలుగుసార్లు వేలు అదిరింది. నాలుగుసార్లూ అదృష్టవశాత్తూ పోగు నా వేళ్ళలో లేదు. ఆమె ఒకసారి కూడా గమనించలేదు, లేదా గమనించి ఊరుకుంది. రెండో రోజు మధ్యాహ్నానికి కొలతలు వచ్చాయి, అన్నీ బాగున్నాయి. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఆమె చిన్నగా నవ్వి కాగితం నా ముందుకు జరిపి పెన్ను ఇచ్చింది.

ఆ వాక్యం చదివాను. పద్దెనిమిదేళ్ళుగా చదవకుండా సంతకం పెడుతున్న వాక్యం అది. సముద్రంలో వేయడానికి తగినది. ఈ జాయింటు తగినదే, అందులో అబద్ధం లేదు. కానీ ఈ కాగితం అడుగుతున్నది ఈ జాయింటు సంగతి కాదని నాకు తెలుసు. గాలి ముదిరిన రోజున, ఓడ ఊగుతుంటే, మాత్ర మత్తు దిగిపోయే వేళకు నేను చేయబోయే తర్వాతి జాయింటు సంగతి. దాని కింద కూడా ఇదే చేత్తో సంతకం పెడతాను. అది నీళ్ళలోకి పోతుంది. పోయాక ఎవరూ చూడరు.

పెన్ను కింద పెట్టేశాను. మాత్ర సంగతి, నాలుగు వణుకుల సంగతి ఆమెకు చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది, అది నాకు వింతగా తోచింది. చెప్పింది చెప్పినట్టు రాయమంటావా అని ఆమె అడిగింది. రాయమన్నాను. రాసి, కాగితం మడిచి ఫైల్లో పెట్టి, ఒడ్డు మీద స్టోర్సులో పని ఏదైనా ఉంటుందేమో అడుగుతానని చెప్పి, నన్ను ఆ గదిలో కాసేపు ఒంటరిగా వదిలి వెళ్ళింది. పరీక్ష జాయింట్లను తర్వాత కోసి పారేస్తారు. నేను చేసిన ఆఖరిదాన్ని కాసేపు చేత్తో పట్టుకుని చూశాను. బాగుంది. బాగా చేశాను.

బయటికి వచ్చి గోదాము గోడ నీడన కూర్చుని ఫోన్ తీశాను. నా భార్య డ్యూటీలో ఉంటుంది. వేలు తమ్ముడి పేరు మీద ఆగింది. రింగు చివరిదాకా మోగాక ఎత్తాడు.

“నేను అన్‌ఫిట్ అయినరా,” అన్నాను.

వెనక టీవీ మోగుతోంది. వాడు దాన్ని ఆపాడు.

“వాళ్ళు జేసిండ్రా?”

“కాదు. నేనే చేసుకున్న.”

ఆ రెండు నెలల ఏడుపు, ఆ ఓడ మీద రానిది, ఆ గదిలో రానిది, అప్పుడు వచ్చింది. పెద్దవాణ్ణి, నలభై ఏడేళ్ళవాణ్ణి, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా గోడ వైపు తిరిగి ఏడ్చాను. వాడు ఊరుకోమనలేదు, ఫోన్ పెట్టేయలేదు. నేను చెప్పాల్సిన క్షమాపణ ఒకటుంది, అది నోటికి రాలేదు. వాడే మాట్లాడాడు.

“అన్నా, ఇరవై రెండేండ్లాయె నేను బాయి దిగవట్టి. రేపు నన్ను అన్‌ఫిట్ జేస్తే నా కండ్లకెళ్ళి ఒక్క సుక్క రాదు. నువ్వింత ఏడుస్తున్నవంటే, అదెసుంటి పనో ఏమో.”

ఇన్నేళ్ళూ వాడికి ఉద్యోగం నేనిచ్చానని ఊరు అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆ రోజు నాన్న కాగితం వాడి చేతిలో పెట్టినప్పుడు, నీకు కావాలా అని నేను వాణ్ణి అడగలేదు. అడుగుదామని నోరు తెరిచాను.

“ఉంట అన్నా,” అన్నాడు వాడు. “సెకండ్ షిఫ్టు. టైమవుతున్నది.”

ఆ రోజు నుంచి నేను పనికి పోనక్కర్లేదు. వాడు ఫోన్ పెట్టేసి బాయికి పోయాడు.